ఎవరూ చావని సినిమాకి మూడు బిందెల నీళ్ళు

ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు సినిమాకి బయలుదేరే ముందు వాకిట్లో బిందెడు నీళ్ళు పెట్టుకుని మరీ వెళ్ళేవాళ్ళు. ఇప్పటివాళ్ళు ముఖానికి పౌడరు రాసుకుని, చేతిలో సెల్లు పట్టుకుని, బకెట్టంత డబ్బాలో పేలాలు కొనుక్కుని వెళ్తారు. (పేలాలకి అంత డబ్బా ఎందుకో, ఆ డబ్బా ఇంటికి ఎందుకు తెచ్చుకోరో నాకు అర్థం కాదు. పప్పులు పోసుకోవచ్చు.) మేము మాత్రం సినిమా అనగానే ఆలోచించేది ఒక్కటే. ఇందులో ఎంతమంది పోతారు, తిరిగొచ్చాక ఎన్ని నీళ్ళు కావాలి అని. నవ్వకండి, చెప్తాను.

ఇది రాయమని నా ప్రాణం తీసింది నా మనవరాలు. గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదువుతోంది. ఇంజినీరింగు చదివేవాళ్ళు వంతెనలు కట్టాలి గానీ, వాళ్ళ కాలేజీలో సినిమాలు తీసే జట్టు ఒకటి ఉందట. పోయిన సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఏడుపు సినిమా చూపించింది. తను మూడు రుమాళ్ళు తడిపింది. నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. "నువ్వసలు ఏడవవేంటమ్మమ్మా? ఆ క్యారెక్టర్‌తో కనెక్టవ్వవా?" అంది. "కనెక్టవ్వడానికి నేనేమన్నా కరెంటు మీటరునా?" అన్నాను. ఊరుకోలేదు. జనం తెరమీద బొమ్మల కోసం ఎందుకు ఏడుస్తారో నీకు తెలిసింది రాసివ్వు, మా వాళ్ళందరం చదువుతాం అంది. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగం. దాని పాత రికార్డు పుస్తకాల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాలు చింపి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి గానీ కాగితాలు మాత్రం పారెయ్యకండి. వెనకవైపు ఇంకా ఖాళీగానే ఉంది.

మా పుట్టిల్లు నాగాయలంకకి దిగువన, సముద్రం వైపు. మగవాళ్ళు పడవల మీద వేటకి వెళ్ళడం (సముద్రంలో చేపలు పట్టడాన్ని మేము వేటే అంటాం), ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి అమ్ముకురావడం, అదీ మా బతుకు. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. మంచినీళ్ళు కావాలంటే మైలున్నర నడిచి దొరువుకి వెళ్ళాలి. దొరువంటే ఇసకలో తవ్విన గుంట. అడుగున ఊరిన నీళ్ళని కొబ్బరిచిప్పతో తోడి, ఇసక రాకుండా గుడ్డలో వడబోసి బిందెలో పోసుకోవాలి. వేసవిలో ఒక చిప్ప తోడాక మళ్ళీ ఊరేదాకా ఆగాలి. మా ఇంట్లో ఆ పని నాది. అప్పటికి నాకు పదిహేనో పదహారో ఉంటాయి. ఉప్పెనకి నాలుగైదేళ్ళ ముందు మాట ఇది. (మా దివిసీమలో పెద్దవాళ్ళు సంవత్సరాలు చెప్పరు. ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత అంటారు, అంతే.) ఇప్పటికీ మనవరాలు పళ్ళు తోముకుంటూ కుళాయి వదిలేస్తే నా వీపు నొప్పి పుడుతుంది.

ఇక సినిమాకీ నీళ్ళకీ సంబంధం పెట్టింది మా నాయనమ్మ. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు నెత్తిన నీళ్ళు పోసుకుని గానీ గడప దాటకూడదు, అది అందరిళ్ళలోనూ ఉన్నదే. మా నాయనమ్మ ఆ చట్టాన్ని సినిమాహాలు దాకా పొడిగించింది. ఒకసారి మా మేనత్త, పక్కింటి పిన్ని మ్యాట్నీ చూసి కళ్ళు వాచిపోయి వస్తే తడిక దగ్గరే ఆపేసింది.

"ఎవరు పోయారే?"

"సినిమాలో తల్లి పోయిందమ్మా" అంది మేనత్త ముక్కు తుడుచుకుంటూ.

"ఏడ్చారా?"

"ఏడవకేం చేస్తాం? కడుపు తరుక్కుపోతేనూ!"

"అయితే నీళ్ళు పోసుకుని రండి."

"అదేంటి పెద్దమ్మా, సినిమా అది! ఉత్త బొమ్మలు!" అంది పక్కింటి పిన్ని.

"బొమ్మలకి ఏడుస్తారా ఎవరన్నా? మడిసి పోయిందనే కదా ఏడ్చారు? ఏడిస్తే మైలే. పోసుకోండి."

ఇద్దరూ గొణుక్కుంటూనే పోసుకున్నారు. (మనవరాలి కాలేజీలో పెద్ద పెద్ద సార్లుంటారు కదా, నాయనమ్మ మాటకి వాళ్ళ దగ్గర జవాబుంటే చెప్పమనండి.) ఆ దెబ్బతో ఊళ్ళో సగం ఇళ్ళకి ఆ చట్టం పాకింది. పాకాక దానికి పేచీలు పుట్టుకొచ్చాయి. హీరో తల్లి పోతే నిండు బిందె, చంటిబిడ్డ పోతే నిండు బిందె. హీరో స్నేహితుడికి అర బిందె చాలు. విలన్‌కి కాళ్ళు కడుక్కుంటే సరిపోతుంది. "విలన్‌కి ఏడ్చినది ఎవతన్నా ఉంటే దాన్ని నీళ్ళు పోసుకున్నా రానియ్యను" అని నాయనమ్మ తీర్పు. పాము కరిచి పడిపోయి, ఒక పాట పాడగానే లేచి కూర్చున్నవాళ్ళ సంగతేంటని పెద్ద తగువే నడిచింది. నాయనమ్మ రెండు రోజులు ఆలోచించి, "లేచినోడికి మైలేంటి? లోపలికి రండి" అంది. పుష్యమాసం చలిలో ఆ తీర్పు ఎంతమంది ఆడవాళ్ళని బతికించిందో లెక్కలేదు.

నాగాయలంకలో అప్పుడొక రేకుల హాలు ఉండేది. ఆడవాళ్ళ వైపు గేటు దగ్గర కూర్చునే ఆయన్ని మేమంతా గేటు బాబాయి అనేవాళ్ళం. మా ఊరివాళ్ళు టిక్కెట్టు తీసుకునే ముందు ఆయన్ని అడిగేది కథ కాదు, పాటలు కాదు.

"బాబాయ్, ఇందులో ఎన్ని?"

"రెండమ్మా. ఒకటి ఇంటర్వెల్లుకి ముందు, ఒకటి ఆఖర్న."

"ఆఖర్న ఎవరు?"

"విలనే."

"అయితే ఒకటే అను!"

ఈ నీళ్ళన్నీ మోసేది నేను. ఇంటికి మేనత్త వస్తే ఆవిడకీ మా బిందెలోంచే. అందుకని నేను ఎప్పుడన్నా సినిమాకి వెళ్తే కథ చూసేదాన్ని కాదు, వాళ్ళ ఆరోగ్యం చూసేదాన్ని. తెరమీద ఎవరికన్నా దగ్గొస్తే నేను బిందెలు లెక్కపెట్టుకునేదాన్ని. ముసలాయన గుండె పట్టుకుంటే, "ఒద్దు తాతా, కూర్చో తాతా, మంచినీళ్ళు తాగు" అని లోపల మొక్కుకునేదాన్ని. పాత్రల ఆయుష్షు నా అంత శ్రద్ధగా కోరుకున్న ప్రేక్షకురాలు ఈ జిల్లాలో ఇంకొకతె ఉండదు. నా మనవరాలు చెప్పే కనెక్టవ్వడం ఇదేనేమో మరి.

మేనత్త గురించి చెప్పాలి. మా నాన్నకి అక్క, ఊళ్ళోనే ఇచ్చారు. ఆవిడని అందరూ తూమత్త అనేవాళ్ళు. కాలవకి తూము ఎత్తినట్టు ఆవిడ కళ్ళు ఎప్పుడు తెరుచుకుంటాయో, ఎప్పుడు మూసుకుంటాయో ఎవరికీ తెలియదు. పెళ్ళి సీనుకి ఏడ్చేది. పిల్లాడు బడికి వెళ్ళే సీనుకి ఏడ్చేది. ఒకసారి వార్తల రీలులో ఎవరో మంత్రి గారు శంకుస్థాపన చేస్తుంటే కూడా ఏడ్చింది. "పాపం, ఎండలో నిలబెట్టారే ఆయన్ని" అని. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆవిడ సినిమా వదలదు, ఏడుపు వదలదు, వాకిట్లో నా బిందె వదలదు.

నవ్వే సంగతులు ఇంతవరకే. ఇప్పుడు మా అమ్మ సంగతి రాయాలి.

నేను చెప్పబోయే సినిమాకి రెండేళ్ళ ముందు, ఒక ఆశ్వయుజంలో, నాన్న వెళ్ళిన పడవ గాలివానకి తిరగబడింది. నలుగురు వెళ్ళారు. ముగ్గురు ఈదుకుంటూ వచ్చి ఒడ్డున పడ్డారు. నాన్న రాలేదు. శవమూ రాలేదు. పదిరోజులు ఊరంతా ఒడ్డు వెతికింది. పెద్దమనుషులు కూర్చుని, శవం దొరకలేదు కాబట్టి పన్నెండేళ్ళు చూడాలి, ఆ తర్వాతే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలి అన్నారు. ఆ రోజు నాయనమ్మ నోరు తెరిచి ఏడవబోయింది. అమ్మ వెళ్ళి చేత్తో ఆవిడ నోరు మూసింది. అత్తగారి నోరు మూసిన కోడల్ని నేను ఆ ఒక్కసారే చూశాను. "ఏడవద్దత్తా. ఏడిస్తే పోయినట్టే. ఈ ఇంట్లో ఎవరూ ఏడవడానికి వీల్లేదు" అంది.

అంతే, మా ఇంట్లో ఏడుపు బందైపోయింది. అమ్మ బొట్టు చెరపలేదు, గాజులు తియ్యలేదు. పడవలు వచ్చే వేళకి ఒడ్డుకి వెళ్ళి ఒక్కో పడవలోకీ తొంగి చూసి, చేపలు తట్టకెత్తుకుని వచ్చేది. ఊళ్ళోవాళ్ళు పేరంటానికి పిలవాలో వద్దో తెలియక పిలవడం మానేశారు. అమ్మ అడగనూ లేదు. నేను మాత్రం అమ్మ మాట గట్టిగా పట్టుకున్నాను. అమ్మ కంట్లో నీళ్ళొస్తే నాన్న పోయినట్టే. కాబట్టి రాకుండా చూసుకోవడం నా పని. ఉల్లిపాయలు నేనే తరిగేదాన్ని. పొయ్యి పొగస్తే అమ్మని బయటికి తోసి నేనే ఊదేదాన్ని. అమ్మ కళ్ళు నలుపుకుంటే చాలు, పరిగెత్తుకెళ్ళి "ఏంటమ్మా, నలుసు పడిందా? నలుసే కదా?" అని అడిగేదాన్ని. "నలుసేనే" అనేది. అప్పుడు గానీ నాకు ఊపిరి వచ్చేది కాదు.

అలాంటిది ఒక వేసవిలో తూమత్త మా ఇంటికొచ్చి, "మరదలా, రెండేళ్ళైంది నువ్వు గుమ్మం దాటి. ఒడ్డు, సంత, ఇల్లు, ఇదేనా? సినిమాకి పోదాం రా, మనసు మారుద్ది" అని పట్టుకుంది. ఎందుకో అమ్మ తల ఊపింది. ఆ సాయంత్రమే ఎండుచేపల తట్టతో నాగాయలంక వెళ్ళినప్పుడు గేటు బాబాయి దగ్గరికి పోయి నిలదీశాను.

"బాబాయ్, ఇప్పుడాడే దాంట్లో ఎన్ని?"

"ఒక్కటి కూడా లేదు పాపా."

"ఒట్టు?"

"మా అమ్మ మీదొట్టు. మడిసి కాదు గదా, ఇందులో కోడి కూడా చావదు. ధైర్యంగా రండి."

అందుకనే అమ్మని వెళ్ళనిచ్చాను. (నేను వెళ్ళనిచ్చానట! పదహారేళ్ళ పిల్లని, నా మాట మీద ఇల్లు నడుస్తుందనుకునేదాన్ని.) చావులు లేవు కాబట్టి ఆ రోజు వాకిట్లో బిందె పెట్టలేదు. ఇంట్లో మూడు బిందెలున్నాయి, వంటకీ తాగడానికీ. పొద్దున్నే రెండు దఫాలుగా వెళ్ళి నేను తోడి తెచ్చినవి.

రేకుల హాల్లో వేసవి మ్యాట్నీ అంటే చేపలు ఎండబెట్టే పందిరే నయం. అమ్మని మధ్యలో కూర్చోబెట్టి, అటు తూమత్త, ఇటు నేను. దీపాలార్పారు, తెర వెలిగింది. తెర నిండా సముద్రం. హీరో పడవవాడు. గేటు బాబాయి చావు లేదని చెప్పాడు గానీ సముద్రం ఉందని చెప్పలేదు. నేను అడగనూ లేదు.

మొదట్లో బాగానే గడిచింది. మా ఊరి ఆడవాళ్ళు కూర్చున్న చోట నవ్వులే నవ్వులు.

"ఆ తెడ్డు చూడవే, పప్పులో గరిట తిప్పినట్టు తిప్పుతున్నాడు!"

"ఆ పడవకి ముందు ఏదో వెనకేదో వాడికే తెలిసినట్టు లేదు."

"అంత తెల్ల పంచె కట్టుకుని వేటకి పోతారా ఏంటే? దాన్ని ఉతికేది ఎవరు, వాళ్ళమ్మా?"

అమ్మ కూడా నవ్వింది. రెండేళ్ళలో మొదటిసారి. "ఆ మబ్బు చూసి తెరచాప ఎత్తాడు చూడు తెలివితక్కువోడు" అంది. నేను తెరవైపు చూడ్డం మానేసి అమ్మనే చూస్తూ కూర్చున్నాను. అంతలో తెరమీద తుఫాను వచ్చింది. పడవ తిరగబడింది. (ఇంత గాలికీ హీరో క్రాపు చెదరలేదు. అయినా ఎవరూ నవ్వలేదు.) ఒడ్డున పెళ్ళాం పరిగెత్తుకొచ్చి నీళ్ళలో నిలబడింది. మా తూమత్త తూము ఎత్తేసింది. ఉత్త ఏడుపు కాదు, చావింట్లో తీసినట్టు రాగం తీసి శోకాలు మొదలెట్టింది. "ఓ నా తమ్ముడో, ఎక్కడికెళ్ళావురో" అని. వెంటనే మా ఊరి ఆడవాళ్ళంతా అందుకున్నారు. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో, "అమ్మల్లారా, కాస్త ఆగండమ్మా, మాటలు ఇనపడట్లా!" అని అరిచారు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా, నింపాదిగా ఉంది. అమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఎందుకే అట్టా ఏడుస్తారు?" అని తూమత్తని కసిరింది. "శవం దొరికిందా? దొరకలేదుగా? వస్తాడు. చూస్తూ ఉండండి."

ఇంటర్వెల్లు తర్వాత తెరమీద ఊరంతా ఆ పెళ్ళాం చుట్టూ మూగి, వాడు పోయాడు, ఇక బొట్టు తీసెయ్యి అన్నారు. ఆ అమ్మాయి కుంకుమ భరిణె గుండెకి హత్తుకుని తియ్యను పొమ్మంది. "అదీ!" అంది అమ్మ పైకే. పక్కవాళ్ళు ఇటు తిరిగి చూసినా పట్టించుకోలేదు. కాస్త ముందుకి జరిగి కూర్చుంది. ఆ తర్వాత సినిమాలో ఏం జరిగినా అమ్మ మొహంలో ఒక వెలుగు. తనకి సాక్ష్యం దొరికినట్టు, రెండేళ్ళుగా ఎవరూ నమ్మని మాటని ఇంత పెద్ద తెర మీద వేసి అందరికీ చూపిస్తున్నట్టు. నాకు గేటు బాబాయికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆఖర్న హీరో వచ్చాడు. తెల్లారగట్ల, ఎర్రటి వెలుగులో, పడవ మీద నిలబడి పాడుకుంటూ వచ్చాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. తూమత్త ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది. నేనైతే బెంచీ ఎక్కినంత పనిచేశాను. చూశావా అమ్మా, నువ్వన్నట్టే వచ్చాడు అందామని ఇటు తిరిగాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. చప్పుడు లేదు. నవ్వుతోందనుకున్నాను. నవ్వు ఆపుకోలేక అట్టా అవుతోందనుకుని నేనూ నవ్వాను. దీపాలు వెలిగాక గానీ తెలియలేదు. జాకెట్టు దాకా తడిసిపోయింది.

"నలుసా అమ్మా?" అన్నాను. అంతకంటే ఏమనాలో తెలియలేదు. అమ్మ లేచి గేటు వైపు నడిచింది.

తిరుగుదారిలో కాలవగట్టు మీద నడక మొదలెట్టాం. సగం దూరం వచ్చాక అమ్మ ఒక్క మాటంది. "ఎంత తేలిగ్గా వచ్చాడే వాడు." ఇంకాస్త నడిచి, "అట్టా రారు. ఎవరూ అట్టా రారు" అంది. నేను ఏమీ అర్థం కానట్టు నడిచాను. ఏడుపు సీనుకి ఏడవని మనిషి, అందరూ నవ్వే చోట ఏడ్చింది. గేటు బాబాయి లెక్కలో లేనిది అదొక్కటే.

దీపాల వేళకి ఇల్లు చేరాం. నాయనమ్మ తడిక దగ్గర కూర్చుని ఉంది.

"ఎవరన్నా పోయారా ఏంటే?" అని అలవాటుగా అడిగింది.

"లేదమ్మా, ఎవరూ పోలేదు. పోయాడనుకున్నోడు కూడా వచ్చేశాడు" అంది తూమత్త.

"అయితే లోపలికి రండి."

అమ్మ లోపలికి వెళ్ళింది. తాగే నీళ్ళ బిందె ఎత్తుకుని మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. తడిక పక్కన నిలబడి, కట్టుకున్న చీరతోనే, నిండు బిందె నెత్తిన ఒంపుకుంది.

ఇక్కడ నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. కేకలు వేశాను. "అమ్మా! తాగే నీళ్ళవి! ఎవరూ పోలేదంటే వినపడలేదా నీకు? ఒక్కో చిప్పా ఆగి ఆగి తోడాను! నాయనమ్మా, నువ్వు చెప్పు, మైల లేదని చెప్పు! లేచినోడికి మైల లేదన్నావుగా!" అని. నీళ్ళ గురించే అరుస్తున్నానని నేను నిజంగానే అనుకున్నాను.

నాయనమ్మ నా వైపు చూడలేదు. గోడ పట్టుకుని లేచి, మెల్లగా వెళ్ళి కోడలి ఎదురుగా కింద కూర్చుంది.

"ఇంకో బిందె ఉందా?" అంది.

"ఉందత్తా."

"నా నెత్తినా పొయ్యవే."

అమ్మ రెండో బిందె తెచ్చి అత్తగారి నెత్తిన పోసింది. నాయనమ్మ అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళ కిందట అమ్మ చేత్తో మూసిన ఏడుపు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది. మూడో బిందె తూమత్తది. ఆవిడ మాత్రం, వింతగా, ఆ రోజు చప్పుడు చెయ్యలేదు. తలొంచుకుని నీళ్ళు పోయించుకుంది. ఆవిడకి తూమత్త అని పేరొచ్చింది మా నాన్న తప్పిపోయాకేనని, ఈ ఇంట్లో తమ్ముడి కోసం ఏడవనివ్వకపోతేనే ఆవిడ హాలుకి వెళ్ళి మంత్రి గారి శంకుస్థాపనకి కూడా ఏడ్చిందని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆవిడ లేదు.

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నీళ్ళు లేక వెలగలేదనుకున్నాను నేను. పక్కింటి పిన్ని వాకిట్లో తడిచీరలు చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి అన్నం, పులుసు తెచ్చి పెట్టింది. చావింటికే అట్టా తెస్తారు. "నీళ్ళన్నీ పారబోసుకున్నారు పిన్నీ, అందుకే వండలేదు" అని నేను ఆవిడకి వివరంగా చెప్పాను. ఆవిడ నా తల నిమిరి, "అంతేనమ్మా, అందుకే" అంది.

పొద్దున్నే లేచేసరికి అమ్మ నుదురు ఖాళీగా ఉంది. రాత్రి నీళ్ళకి చెరిగిన బొట్టు మళ్ళీ పెట్టుకోలేదు. నాయనమ్మ కుంకుమ తెచ్చి తన చేత్తో పెట్టబోతే అమ్మ మొహం పక్కకి తిప్పింది. "ఎందుకత్తా ఇంకా?" అంది. నాయనమ్మ గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. "ఇది వాడు పెట్టిందా ఏంటి? నువ్వు ఊయల్లో ఉన్నప్పుడు మీ అమ్మ పెట్టింది. ఉండనీ. ఊళ్ళో ఎవడన్నా నోరెత్తితే నా దగ్గరికి పంపు. వాడి కోసం ఏడ్చావు, అది చాలు నాకు, ఇంకేం అక్కర్లేదు." మా ఊరివాళ్ళు నోరెత్తారు, నాయనమ్మ దగ్గరికి వెళ్ళారు, మళ్ళీ నోరెత్తలేదు. (సినిమా మైల విషయంలో గెలవలేనివాళ్ళు ఇందులో గెలుస్తారా?)

మనవరాలు అడిగిన దానికి జవాబు నాకు తెలిసినంతలో ఇదే. తెరమీదవాళ్ళ కోసం ఏడుస్తున్నామని మనం అనుకుంటాం. వాళ్ళకి మన ఏడుపు దేనికి, సినిమా అయిపోగానే వాళ్ళు పౌడరు తుడుచుకుని ఇళ్ళకి పోతారు. ఇంట్లో ఏడవడానికి వీల్లేనివి కొన్ని ఉంటాయి, మనుషులు వాటిని మోసుకుంటూ హాలుకి వెళ్తారు. చీకట్లో ఎవరిది వాళ్ళు దించుకుంటారు. ఏ సీనుకి దించుకుంటారో తీసినవాడికి కూడా తెలియదు. మా అమ్మ తుఫానుకి దించుకోలేదు, పాటకి దించుకుంది. మీరు సినిమాలు తీస్తే తీయండి గానీ, ఇక్కడ అందరూ నవ్వుతారు అని ముందే రాసిపెట్టుకోకండి.

ఇక నా సంగతి. ఖాళీ బిందెలు చూసి విసుక్కుంటూ, రెండు బిందెలు తీసుకుని దొరువుకి బయలుదేరాను. దారంతా అమ్మని, నాయనమ్మని, తూమత్తని, హీరోని, గేటు బాబాయిని వరసపెట్టి తిట్టుకున్నాను. దొరువు దగ్గర ఎవరూ లేరు. దిగి తోడటం మొదలెట్టాను. ఒక చిప్ప, ఆగడం, ఇంకో చిప్ప. ఎండ చురుక్కుమనేసరికి ఒక బిందె నిండింది. ఎత్తి చంకన పెట్టుకోబోయాను. ఏమైందో తెలియదు. అటూ ఇటూ చూశాను. పైన గట్టు మీద ఒక కాకి తప్ప ఎవరూ లేరు. ఆ నిండు బిందె, ఆగి ఆగి తోడిన మంచినీళ్ళు, నా నెత్తినే పోసేసుకున్నాను. తర్వాత ఆ ఇసకలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నాన్నా అని ఒక్కసారి పైకి అన్నాను. రెండేళ్ళలో ఆ మాట నోటితో అనలేదని అప్పుడు తెలిసింది.

మళ్ళీ తోడి రెండు బిందెలూ నింపుకుని ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ ఎదురొచ్చి బిందెలు దించుకుంది. జుట్టు ఇంకా తడారక, పావడాకి ఇసక అంటుకుని, కళ్ళు వాచిపోయి ఉన్న నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమైందే?"

"కాలు జారింది" అన్నాను.

అమ్మ కొంగుతో నా తల తుడిచింది, మెల్లగా, చిక్కులు తియ్యకుండా. ఆ వేసవిలో దొరువులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు, గట్టు మీది కాకికీ తెలుసు. చీలమండ లోతు నీళ్ళలో జారి, నడినెత్తి తడుపుకుని వచ్చి, గడ్డం పైకెత్తి నిలబడిన ఆ పిల్ల ఇప్పటికీ ఒక్కోసారి నా కళ్ళ ముందుకొస్తుంది. నవ్వొస్తుంది దాన్ని చూస్తే. ఇంకాస్త మంచి అబద్ధం ఆడాల్సింది పాపం, దానికి చేతకాలేదు.